నిధుల కోతలో నిలిచిన పరిశోధన: ఉత్తరాంధ్ర చోడి పంట చెప్పే పాఠం

విజయనగరం జిల్లా శృంగవరపుకోట తూర్పు కనుమల పాదాన ఉన్న పట్టణం. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రహదారి ఈ ఊరు దాటగానే ఘాట్ ఎక్కడం మొదలవుతుంది. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. కాలువ నీరు అందే పల్లపు మడులలో వరి, అందని మెరక ఎర్రనేలలలో చోడి ఇక్కడి రైతుకు తరతరాలుగా తెలిసిన పంటలు. ఇతర ప్రాంతాలు రాగి అని పిలిచే ధాన్యాన్ని ఉత్తరాంధ్ర చోడి అంటుంది. పునాసలో వేసిన చోడి కోసిన తరువాత అదే చేలో ఉలవ చల్లుకొనే అలవాటు ఈ మెట్ట ప్రాంతానిది.

ఈ పంటపై పనిచేసే పరిశోధనా స్థానం విజయనగరంలో, గాజులరేగ వద్ద ఉన్నది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఈ చిన్న స్థానం నుంచి వెలువడిన చోడి రకాల పేర్లు చదివితే జిల్లా నదుల పటం కనబడుతుంది. చంపావతి, వేగవతి, సువర్ణముఖి, గోస్తని అన్నీ ఈ నేలను తడిపే నదులే. వాటికి తోడు భారతి, శ్రీచైతన్య, తెల్లగింజ రకమైన హిమ, జాతీయ స్థాయిలో విడుదలైన ఇంద్రావతి కూడా ఈ స్థానం కృషి ఫలితాలే. వీటిలో అనేక రకాలు విశ్వవిద్యాలయం పలుమార్లు విభజనకు గురై, రాష్ట్ర ఖజానా ఇరుకున పడి, ఖాళీ అయిన పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాని కాలంలో రూపుదిద్దుకొన్నాయి. నిధులు తగ్గినప్పుడు ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ప్రగతిని ఏ విధంగా నిలుపుకొంటుంది? అలా నిలుపుకోవడానికి హద్దు ఎక్కడ? విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఈ రెండు ప్రశ్నలూ నిత్యజీవితానికి సంబంధించినవే.

విభజనల నడుమ ఒక విశ్వవిద్యాలయం

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1963 నాటి చట్టం ప్రకారం 1964 జూన్ 12న ఏర్పడినది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2005లో పశువైద్య విభాగం వేరుపడి తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం అయినది. 2007లో ఉద్యాన విభాగానికి వెంకటరామన్నగూడెంలో ప్రత్యేక విశ్వవిద్యాలయం వచ్చినది. 2014లో రాష్ట్ర విభజన జరిగి, రాజేంద్రనగర్‌లోని ప్రధాన ప్రాంగణం, అక్కడి ప్రయోగశాలలు, గ్రంథాలయం తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చేరాయి. గుంటూరు సమీపాన లాంలో ప్రధాన కార్యాలయాన్ని కొత్తగా కట్టుకోవలసి వచ్చినది. ఆ సమయంలో ఆంధ్రప్రదేశ్ తన ప్రస్థానాన్ని రెవెన్యూ లోటుతో మొదలుపెట్టిన రాష్ట్రం.

అంతకు ముందే మరొక మార్పు జరిగినది. ప్రభుత్వ సేవలలో నియామకాలను క్రమబద్ధం చేసే 1994 నాటి రెండో చట్టం దినకూలీ ప్రాతిపదికన, తాత్కాలిక ప్రాతిపదికన జరిగే నియామకాలను కట్టడి చేసినది. జీతభత్యాల భారం అదుపులో ఉంచడం దాని ఉద్దేశం. పరిశోధనా క్షేత్రంపై దాని ప్రభావం మరొక విధంగా పడినది. చోడి పుష్పం అతి సూక్ష్మమైనది, స్వపరాగ సంపర్కం చెందేది. దానిలో కేసరాలను నిర్వీర్యం చేసి సంకరం జరపడానికి ఏళ్ల అనుభవం గల చేతులు కావాలి. అటువంటి క్షేత్ర సహాయకుడు పదవీ విరమణ చేసినప్పుడు అతని స్థానంలో ఏడాదికొకసారి మారే ఒప్పంద కూలీ వస్తే, లెక్కలలో పోస్టు ఒక్కటే తగ్గుతుంది, క్షేత్రంలో మాత్రం ఒక నైపుణ్యమే అంతరిస్తుంది.

కోత ముందుగా ఎక్కడ పడుతుంది?

ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనైనా బడ్జెట్‌లో అధిక భాగం జీతాలు, పింఛన్లకే పోతుంది. వాటిని ఏడాది మధ్యలో తగ్గించడం సాధ్యం కాదు. కనుక పది శాతం కోత అన్నమాట ఆచరణలో కూలీలు, డీజిలు, ఎరువులు, రసాయనాలు, ప్రయాణ భత్యాల మీదనే మొత్తంగా పడుతుంది. ఈ నిర్వహణ వ్యయం మొత్తం బడ్జెట్‌లో ఐదో వంతు అనుకొంటే, మొత్తం మీద పది శాతం కోత నిర్వహణ వ్యయంలో సగానికి సమానమవుతుంది. జీతం అందుకొనే శాస్త్రవేత్త ఉంటాడు, అతడు పని చేయడానికి కావలసిన మడి సిద్ధంగా ఉండదు.

దీని శాస్త్రీయ మూల్యాన్ని ఒక ఉదాహరణతో లెక్కకట్టవచ్చు. పన్నెండు చోడి రకాలను యాదృచ్ఛిక ఖండాల పద్ధతిలో నాలుగు పునరావృతులతో పరీక్షిస్తున్నారనుకొందాం. సగటు దిగుబడి హెక్టారుకు 26 క్వింటాళ్లు, విచలన గుణకం 8 శాతం. అప్పుడు ఐదు శాతం స్థాయిలో క్రిటికల్ డిఫరెన్స్ దాదాపు 3.0 క్వింటాళ్లు. అంటే ప్రామాణిక రకం కంటే మూడు క్వింటాళ్లు అధికంగా ఇచ్చే కొత్త రకాన్ని ఈ ప్రయోగం గుర్తించగలదు. పొదుపు కోసం పునరావృతులను మూడుకు తగ్గిస్తే ఆ విలువ 3.5 క్వింటాళ్లకు, రెండుకు తగ్గిస్తే 4.6 క్వింటాళ్లకు పెరుగుతుంది. మూడు క్వింటాళ్ల ఆధిక్యం గల రకం మడిలో ఉన్నప్పటికీ ప్రయోగం దానిని చూడలేదు.

ఇంతకంటె గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. పునరావృతులు నాలుగూ ఉంచి, కూలీ డబ్బు లేక కలుపు ఆలస్యంగా తీసినందువల్ల విచలన గుణకం 8 నుంచి 12 శాతానికి పెరిగినదనుకొందాం. క్రిటికల్ డిఫరెన్స్ 4.5 క్వింటాళ్లవుతుంది. అనగా సకాలంలో తీయని కలుపు రెండు పునరావృతులను ఎత్తివేసిన దానితో సమానం. కాగితంపై నాలుగు పునరావృతులు కనబడుతూనే ఉంటాయి, వాటి బలం మాత్రం రెండింటిదే. ఖాతా పుస్తకంలో మిగులుగా నమోదైన సొమ్ము పరిశోధనా పత్రంలో ‘తేడాలు గణనీయం కావు’ అనే వాక్యంగా తేలుతుంది. ఒక ఖరీఫ్ పోతే మళ్లీ ఏడాది ఆగాలి.

నిలబెట్టిన స్తంభాలు

ఇన్ని ఇబ్బందుల నడుమ విజయనగరం వంటి స్థానం ఫలితాలు ఇవ్వడానికి కారణాలు ఉన్నాయి. మొదటిది అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకం. చిరుధాన్యాలలో చోడి, సామ, కొర్ర, ఊద, వరిగ, అరిక పంటల పథకం 1986లో బెంగళూరు కేంద్రంగా మొదలైనది. ఇటువంటి పథకాలలో వ్యయాన్ని భారత వ్యవసాయ పరిశోధనా మండలి 75 శాతం, రాష్ట్ర విశ్వవిద్యాలయం 25 శాతం భరిస్తాయి. ధనం కంటె విలువైనది ఈ వలయం ఇచ్చే సమాచారం. విజయనగరంలో పుట్టిన ఒక వరుస కర్ణాటకలో, ఒడిశాలో, ఉత్తరాఖండ్‌లో పరీక్షకు నిలుస్తుంది. ఒక్క స్థానం తన సొంత ఖర్చుతో ఎన్నడూ చేయలేని పరీక్ష అది. అగ్గితెగులు వెన్నుమెడను, వేళ్లను ఆశించే తీరు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక తెగులు నిరోధకతను నిర్ధారించడానికి ఈ బహుస్థల పరీక్ష అత్యవసరం.

రెండవది విత్తనం. భారత వ్యవసాయ పరిశోధనా మండలి 2005-06లో ప్రారంభించిన విత్తనోత్పత్తి పథకం రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఆవర్తక నిధిని సమకూర్చినది. బ్రీడర్ విత్తనం అమ్మగా వచ్చిన సొమ్ము తిరిగి విత్తనోత్పత్తికే చేరుతుంది. చోడిలో ఈ పద్ధతికి సహజమైన అనుకూలత ఉన్నది. నారు పోసి నాటే పద్ధతిలో ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు. ఎకరాకు పది క్వింటాళ్లు పండితే, శుద్ధిలోను, తరుగులోను ఐదో వంతు పోయినా, ఒక ఎకరం విత్తనక్షేత్రం నాలుగు వందల ఎకరాలకు విత్తనం ఇస్తుంది. పెద్ద పెట్టుబడి లేకుండా ఒక రకం ఒకే ఏడాదిలో మండలమంతటా విస్తరించగలదు.

మూడవది రైతు పొలం. చిరుసంచుల ప్రదర్శనలలో ఒక కొత్త రకం విత్తనం రైతు చేతికి వెళ్తుంది. భూమి, శ్రమ, యాజమాన్యం రైతువి. పరిశోధనా స్థానంలో మడులు తగ్గినప్పుడు ఈ ప్రదర్శనలే పరిశీలనను కొనసాగించాయి. జిల్లాలలో ఏరువాక కేంద్రాలు, భారత వ్యవసాయ పరిశోధనా మండలి పూర్తి నిధులతో నడిచే కృషి విజ్ఞాన కేంద్రాలు దీనికి వారధులు. శృంగవరపుకోట మండలపు మెరక చేనులో ఒక రకం నిలబడినదా లేదా అన్న తీర్పు ఎకరం సొంతభూమి గల రైతు ఇచ్చినప్పుడు దానికి ఉండే బరువు వేరు. మరుసటి ఏడాది ఆ విత్తనాన్ని అతడు దాచుకొన్నాడా, బంధువులకు ఇచ్చాడా అన్న విషయమే సరైన స్వీకరణ సూచిక.

ఈ మూడు స్తంభాల మీద నిలిచిన ఫలితాన్ని అంకెలలో చూడవచ్చు. సాధారణ చోడి రకాలలో ఇనుము పది లక్షల భాగాలకు 25 భాగాలు ఉండగా, వేగవతిలో అది 131.8 భాగాలు. సాధారణ రకాల వంద గ్రాముల గింజలో 200 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, ఇంద్రావతిలో 428 మిల్లీగ్రాములు. 2020 అక్టోబరు 16న ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 75వ వార్షికోత్సవ సందర్భంగా ప్రధానమంత్రి జాతికి అంకితం చేసిన 17 జీవపుష్టి రకాలలో ఇంద్రావతి ఒకటి. కొండవాలు గ్రామాలలో పొద్దున్నే చోడి అంబలి తాగి పనికి పోయే తల్లికి, బిడ్డకు ఈ అంకెల అర్థం రక్తహీనతతో పోరాటం.

కాన్సాస్ నుంచి ఒక పోలిక

ఈ విశ్వవిద్యాలయ నిర్మాణానికి ఆదర్శం అమెరికా భూదాన విశ్వవిద్యాలయ వ్యవస్థ. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్న ఆ భావన 1862 నాటి మోరిల్ చట్టం, 1887 నాటి హాచ్ చట్టం, 1914 నాటి స్మిత్-లీవర్ చట్టాల ద్వారా రూపుకట్టినది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తొలినాళ్లలో సహకరించినది కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమే. ఆ మార్గదర్శికి కూడా కోతలు తప్పలేదు. కాన్సాస్ రాష్ట్రం 2012లో ఆదాయపు పన్నును భారీగా తగ్గించినది. ఆశించిన రాబడి రాక, 2016లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కేటాయింపులకు కత్తెర వేసినది. 2017లో శాసనసభ ఆ పన్ను తగ్గింపులలో అధిక భాగాన్ని రద్దు చేసినది.

ఆ కష్టకాలంలోనూ అక్కడ గోధుమ పరిశోధనకు ఒక ప్రత్యేకమైన ఆసరా ఉన్నది. రైతు అమ్మే ప్రతి బుషెల్ గోధుమపై వసూలయ్యే చిన్న మొత్తం గోధుమ కమిషన్‌కు చేరుతుంది. ఆ సొమ్ముతోనే 2012లో మాన్‌హాటన్ పట్టణంలో గోధుమ నవకల్పనా కేంద్రం నిర్మించారు. విస్తరణ సేవలకు కౌంటీలు తమ పన్నుల నుంచి వాటా ఇస్తాయి. సేవ పొందేవారికి సేవపై హక్కు, బాధ్యత రెండూ ఉంటే రాజధానిలో తీసుకొనే ఒక నిర్ణయం పరిశోధనను పూర్తిగా ఆపలేదు.

అయితే ఈ నమూనాను యథాతథంగా శృంగవరపుకోటకు తేవడం సాధ్యం కాదు. వేల ఎకరాల గోధుమ రైతుకు, అర ఎకరంలో తిండికోసం చోడి పండించే గిరిజన రైతుకు పోలిక లేదు. అమ్మని పంటపై సెస్సు వసూలు చేయలేరు. చోడి పరిశోధన ప్రజాధనంతో నడవవలసినదే అనడానికి ఇంతకు మించిన వాదన అవసరం లేదు.

పొదుపుకు హద్దులు

నిధులు తగ్గినా రకాలు వచ్చాయి గదా, కనుక నిధులు తగ్గించవచ్చును అని వాదించేవారు ఉంటారు. ఈ వాదనలో కాలానికి సంబంధించిన దోషం ఉన్నది. ఒక సంకరం జరిపిన నాటి నుంచి రకం విడుదలయ్యే వరకు సుమారు పన్నెండేళ్లు పడుతుంది. వరుసల స్థిరీకరణకు ఐదారేళ్లు, స్థానిక పరీక్షలకు రెండు మూడేళ్లు, బహుస్థల పరీక్షలకు, చిరుసంచులకు మిగిలిన కాలం. ఆ లెక్కన 2020లో పేరు తెచ్చుకొన్న రకం 2008 ప్రాంతపు ఖర్చు ఫలం. నేటి కోత ఫలితం పన్నెండేళ్ల తరువాత, విడుదల కాని రకంగా కనబడుతుంది. పుట్టని రకం గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. అమెరికా వ్యవసాయంపై ఆల్‌స్టన్, పార్డీ మొదలైన ఆర్థికవేత్తలు జరిపిన అధ్యయనాలు పరిశోధన వ్యయం ప్రభావం దశాబ్దాలపాటు సాగుతుందని చూపాయి. లాభం ఆలస్యంగా వచ్చినట్లే నష్టమూ ఆలస్యంగా వస్తుంది.

రెండవ హద్దు వాటా నిధులది. 75:25 పథకంలో రాష్ట్రం ఒక రూపాయి ఇవ్వకపోతే దానికి జతగా రావలసిన మూడు రూపాయలు ప్రమాదంలో పడతాయి. రాష్ట్రీయ కృషి వికాస యోజన 2007లో పూర్తి కేంద్ర నిధులతో మొదలై, 2015-16 నుంచి 60:40 నిష్పత్తికి మారినది. అక్కడ ఒక రూపాయి లోటు రూపాయిన్నరను ఆపుతుంది. కనుక రాష్ట్ర వాటాను తగ్గించడం ఖజానాకు పొదుపుగా కనబడినా విశ్వవిద్యాలయానికి అంతకు రెండున్నర నుంచి నాలుగు రెట్ల నష్టం.

మూడవది ప్రాధాన్యాల వక్రత. సొంత ఆదాయం పెంచుకోవాలన్న ఒత్తిడి పెరిగితే విత్తన విపణి ఉన్న పంటలవైపు స్థానాలు మొగ్గుతాయి. ఏటా విత్తనం కొనే పంటకు ఆదాయం ఉంటుంది, రైతు ఇంట విత్తనం దాచుకొనే చోడికి, ఉలవకు, సామకు ఉండదు. ప్రైవేటు సంస్థ చేయని పనిని చేయడానికే ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఏర్పడినది. అది కూడా అమ్ముడయ్యే పంటనే చూస్తే మెట్టరైతుకు మిగిలే శాస్త్రవేత్త ఎవరు?

ముందుగా కాపాడవలసినవి

కోత అనివార్యమైనప్పుడు అన్ని పద్దులనూ సమానంగా తగ్గించడం సులభమైన మార్గం, కాని అది సరైన మార్గం కాదు. ఒకసారి పోతే తిరిగి రానివాటిని ముందుగా కాపాడాలి. ఆ వరుసలో మొదటిది జన్యుసంపద. దేశవాళీ చోడి రకాల సేకరణను సకాలంలో పునరుత్పత్తి చేయకపోతే మొలకశక్తి నశిస్తుంది, తరువాత ఎంత ధనం వెచ్చించినా ఆ గింజ తిరిగి రాదు. రెండవది న్యూక్లియస్ విత్తనం. దీని శుద్ధత చెడితే బ్రీడర్, ఫౌండేషన్, సర్టిఫైడ్ దశలన్నీ చెడతాయి. మూడవది దీర్ఘకాలిక ప్రయోగాలు, వాతావరణ నమోదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన గోధుమ ప్రయోగం నేటికీ కొనసాగుతున్నది. దాని విలువ ఏ ఒక్క ఏడాది దిగుబడిలోనో లేదు, ఆగకుండా సాగడంలో ఉన్నది. భారతదేశంలో 1970లో ప్రారంభమైన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. నాలుగవది కలుపు, కోత, నూర్పిడి సమయాల కూలీ ఖర్చు. పై లెక్క చూపినట్లు ప్రయోగపు కంటిచూపు ఇదే. ఐదవది శాస్త్రవేత్త గ్రామానికి వెళ్లే ప్రయాణ ఖర్చు.

తగ్గించవలసినవి కూడా ఉన్నాయి. పది ప్రయోగాలను బలహీనంగా నిర్వహించే చోట ఆరింటిని బలంగా నిర్వహించవచ్చు. తొలిదశలో వందలాది వరుసలను పరీక్షించేటప్పుడు ప్రామాణిక రకాలను మాత్రమే పునరావృతం చేసే ఆగ్మెంటెడ్ పద్ధతిని ఫెడరర్ 1956లోనే ప్రతిపాదించాడు. ఖరీదైన పరికరాలను ప్రతి స్థానంలో కొనే బదులు అనకాపల్లి ప్రాంతీయ పరిశోధనా స్థానం, రాగోలు, ఆమదాలవలస, విజయనగరం స్థానాలు, నైర వ్యవసాయ కళాశాల ఉమ్మడిగా వాడుకోవచ్చు. స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధనాంశాలను స్థానాల అవసరాలకు జతపరచితే విద్యార్థికి నిజమైన సమస్య, స్థానానికి శిక్షణ పొందిన చేతులు లభిస్తాయి.

శృంగవరపుకోట మెరక చేనుకు గోస్తని నీరు ఎక్కదు, గోస్తని పేరు పెట్టుకొన్న చోడి మాత్రం ఎక్కగలదు. నది చేరని చోటికి నది పేరున ఒక పంటను చేర్చడం ప్రభుత్వ పరిశోధన చేయగలిగిన పని. ఆ గింజ వెనుక పన్నెండు ఖరీఫ్‌ల కలుపుతీత, కోత, తూకం, నమోదు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్క ఖరీఫ్‌లో కూలీ డబ్బు అందకపోయినా ఆ రకం ఆలస్యమయ్యేది, లేదా గుర్తింపునకు రాకుండానే పోయేది. ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది, పునాస చోడికి నారు పోయడం ఆ తరువాతనే మొదలవుతుంది. ఈ రెండు కాలచక్రాల మధ్య అంతరాన్ని పూడ్చే బాధ్యత పాలకులది, ఆ అంతరం వల్ల కలిగే నష్టాన్ని అంకెలతో వారి ముందుంచే బాధ్యత శాస్త్రవేత్తలది.